ఎకో గదిలో ఉప్పునీటి బుడగలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను వార్డు నుంచి గుండె స్కానింగ్ చేసే ఎకో గదికి మార్చారు. అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య ఒక సందులో ఉన్న ఆస్పత్రి అది. పదో తరగతి పాసైన హెల్పర్‌ని నేను. పేషెంటును ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టడం, జెల్ తుడవడం, రిజిస్టర్‌లో పేరు రాయడం నా డ్యూటీ. పెళ్లయి సనత్‌నగర్ వచ్చాక మానేశాను గానీ, తెరమీద గుండె కొట్టుకోవడం చూడాలని ఇప్పటికీ ఉంటుంది.

ఒకరోజు రజిత అనే బాలింతను తెచ్చారు. ఆపరేషన్ కాన్పయిన పన్నెండో రోజున కుడిచెయ్యి పడిపోయి, మాట పోయిందట. మెదడులో అడ్డుపడ్డ రక్తపు గడ్డను తీసేశారు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆ గడ్డ ఏ దారిన వచ్చిందో తేలకపోతే మళ్లీ రావచ్చని డాక్టర్ గారి భయం. వాళ్లమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"చెవులల్ల దూది వెట్టుకో, తలకు గుడ్డ కట్టుకో అని మస్తు జెప్పిన సార్. ఇనలే. గాలి సొచ్చింది."

"గాలి కాదమ్మా. గుండెలో చిల్లుందేమో చూద్దాం," అన్నారాయన.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డలందరికీ గుండె పైగదుల మధ్య చిన్న దారి ఉంటుందట. పుట్టాక మూసుకుంటుంది, కొందరికి మూసుకోదు. కాన్పయిన కొత్తలో రక్తం త్వరగా గడ్డకడుతుంది. కాళ్లలో కట్టిన గడ్డ ఆ దారిన ఎడమవైపు దాటితే మెదడుకు పోగలదు.

దాన్ని పట్టుకునే పద్ధతి నాకు భలే ఇష్టం. ఉప్పునీళ్లను కొంచెం గాలితో రెండు సిరంజీల మధ్య అటూ ఇటూ తోస్తే నురగవుతుంది. చేతినరంలోకి ఎక్కించగానే తెరమీద గుండె కుడిగదులు తెల్లగా నిండుతాయి. పేషెంటు గట్టిగా ముక్కి వదిలినప్పుడు కుడివైపు ఒత్తిడి పెరిగి, దారి ఉంటే బుడగలు ఎడమకు దాటుతాయి.

రజితకు దాటలేదు. రెండోసారీ దాటలేదు. చిల్లు లేదని రాయడానికి డాక్టర్ గారు పెన్ను తీశారు. జెల్ తుడుస్తుంటే నాకు ఆమె పొట్టకు బిగించిన బాలింత కట్టు కనిపించింది. అది చూసి అనుమానం వచ్చి చెవి దగ్గర అడిగాను. "నిజంగ ముక్కినవా అక్కా?"

"కుట్లు... ఊడుతయని... అమ్మ వద్దన్నది."

"అందరు జెప్పేదే గదా బిడ్డా," అంది వాళ్లమ్మ.

డాక్టర్ గారికి సంగతి చెప్తే, "నువ్వెప్పుడయ్యావే డాక్టర్‌వి?" అంటూనే ఆయన మళ్లీ నురగ చేయించారు. నేను కట్టు వదులు చేసి, కుట్లకు కాస్త ఎగువన పొట్టమీద అరచెయ్యి ఆనించాను.

"జర పొట్టతోని నా చెయ్యిని తోసెయ్ అక్కా. కుట్లకు ఏం గాదు."

అరచెయ్యి లేచింది. వదలమన్నాం. ఎడమగదిలో ఒక బుడగ, రెండు, తర్వాత గుప్పెడు.

వాళ్లమ్మ తెర దగ్గరకు వచ్చింది. "గా తెల్లటియి గాలేనా సార్?"

"గాలే. కానీ చెవిలోంచి పోలేదు, మేం ఎక్కించాం. దారి మాత్రం పుట్టినప్పటి నుంచీ ఉంది."

"అయితే నా బిడ్డ తప్పు లేదా?"

"లేదమ్మా."

తర్వాత ఆ చిల్లు మూశారు. నేను మానేసేటప్పుడు నా చోటికి వచ్చిన అమ్మాయికి జెల్ కన్నా ముందు ఒకటి నేర్పాను. బుడగలు దాటలేదంటే దారి లేదని అప్పుడే అనుకోకూడదు. బాలింత ముక్కానన్నా, పొట్టమీద చెయ్యి పెట్టి చూడాలి.