గొర్రె అడుగుల అంచు

చంద్రమోహన్‌కు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి అక్క సుధారాణికి పదిహేనేళ్లు. గుడిబండ దగ్గర వాన మీద ఆధారపడి బతికే చిన్న పల్లె వాళ్లది. నాయన ఉలిగప్ప గొర్రెల వెంట పోతే మూడు నాలుగు రోజులకోసారి ఇంటి ముఖం చూసేవాడు. పొయ్యి రాజేసేది, తమ్ముడికి తల దువ్వేది, వాడు పలక మీద గీసిన పిచ్చిగీతలు చూసేది అన్నీ అక్కే.

"ఇదేం రా, కుక్కనా, గొర్రెనా?" అని అడిగేది. వాడు గొర్రె అంటే, "గొర్రెకు మోకాలు ఈ పక్కకు మడుస్తాదా? పోయి చూసి రాపో" అని పంపేది. వాడు మందలోకి పోయి, ఒక గొర్రె పడుకుని లేచేదాకా కూర్చుని చూసి, వచ్చి మళ్లీ గీసేవాడు. బాగుందని ఆమె ఏనాడూ నోటితో అనలేదు. బాగుంటే మాత్రం ఆ పలక తుడవనిచ్చేది కాదు. లెక్కలు రాయాల్సిన పలక మీద గొర్రెతో బడికి పోయి దెబ్బలు తిన్న రోజులు కూడా ఉన్నాయి.

తర్వాత సుధారాణిని పెనుకొండలో ఇచ్చారు. బావ రామాంజనేయులు లగేజీ ఆటో తోలేవాడు, మెత్తని మనిషి. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆమె బట్టల ఫ్యాక్టరీలో చేరి చొక్కాలకు కాలర్లు కుట్టేది. చంద్రమోహన్ ఇంటర్ అయ్యాక హిందూపురం వచ్చి ఒక ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ పని నేర్చుకున్నాడు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. మనుషుల తలలు కత్తిరించి కోట్ల మీద అతికించడంలో వాడికి చేయి తిరిగింది. మూడేళ్లు అలా గడిచాక, ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాళ్లు కావాలని తెలిసి అక్కడికి వెళ్లి చేరాడు.

అక్కడ పని వేరు. కంప్యూటర్ మీద గీసిన బొమ్మను గళ్లుగళ్లుగా విడగొట్టి, దాన్ని బట్టి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితే పోగులు లేచి చీరలో బొమ్మ పడుతుంది. డిజైన్ సెంటర్ యజమాని నాగభూషణం తన తండ్రి గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీస్తుండగా పక్కన కూర్చుని పెరిగినవాడు. ఎవరి గీత ఎక్కడ నుంచి వచ్చిందో ఇట్టే పట్టేసేవాడు.

"ఏమప్పా, ఈ నెమలిని నేను నెలకు పదిమార్లు చూస్తాండా. ఈ మామిడిపిందె కూడా ఎవరిదో. నీది ఒగటన్నా చూపీ" అన్నాడు ఆరు నెలల తర్వాత.

చంద్రమోహన్ చూపించలేకపోయాడు. ఫోన్లో వందల బొమ్మలు వెతికి, అందులో ఒకటి తిప్పి, ఇంకొకటి వంచి, నాలుగు కలిపి కొత్తదనుకునేవాడు. తనది అనేది ఏదో వాడికే తెలియలేదు. ఆ శనివారం సాయంత్రం ఇక ఈ పని మానేసి మళ్లీ ఫ్లెక్సీలకే పోదామనుకుని హిందూపురం ప్యాసింజర్ ఎక్కాడు. దారిలో పెనుకొండలో దిగి అక్క ఇంటికి పోయాడు.

అక్క అంతా విన్నది. ఓదార్చలేదు, తిట్టలేదు. ముద్ద, పులుసు పెట్టింది. తెల్లారి, రాత్రి కురిసిన వానకు ఇంకా నేల ఆరకముందే, "పా, అట్ల పోయొద్దాం" అని ఊరి బయట బీడు దారి పట్టించింది. ఎవరిదో మంద అప్పుడే దాటిపోయినట్టుంది. ఎర్రమన్ను నిండా గిట్టల గుర్తులు. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని అక్కడే కూర్చుంది.

"ఈడ చూడు. చెనిక్కాయ పప్పు రెండు బద్దలుగా ఇడిచి పెట్టినట్ల లేదూ?"

"అడుగులే కదక్కా."

"అడుగులే. ఇది తల్లిది. వరసగా పోయింది. దీని పక్కన చిన్నవి చూడు, పిల్లవి. యాడా వరసలో లేవు. ఒగసారి ముందర, ఒగసారి ఎనక. అది ఎగురుతా పోయింది."

చంద్రమోహన్ వంగి చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య పెరిగినా ఆ మాట వాడికి ఎన్నడూ తట్టలేదు. ఫోన్ బయటికి తీయబోతే అక్క చేయి పట్టుకుంది. "ఫొటో తర్వాత. ముందు చూడు" అన్నది. హిందూపురం పోయే బండి వెళ్లిపోయేదాకా వాళ్లు ఆ దారిలోనే ఉన్నారు.

సోమవారం వాడు ధర్మవరంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెద్ద బద్దలు జరీతో వరసగా, వాటి మధ్య చిన్నవి ఇష్టమొచ్చినట్టు ఎగురుతూ ఒక అంచు గీశాడు. నాగభూషణం కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూశాడు.

"దీనికి బుట్టాలు వద్దు. చీర ఒంటి మీద ఏ పూవూ వద్దు. అంచు ఒగటే సాలు" అన్నాడు. ఆ తర్వాత, "యాడ చూసినావు దీన్ని?" అని అడిగాడు.

మొన్ననే కాపీ కొడతాడన్న మాట పడ్డవాడు. ఇప్పుడు అక్క చూపించిందంటే ఇదీ నీది కాదంటాడేమోనని భయమేసింది. "నాకే తట్టింది సార్" అన్నాడు.

ఆ అంచు నిలబడింది. నేసినవి నేసినట్టే అమ్ముడుపోయాయి. అక్కకు ఫోన్ చేసి చెబితే, "నేసినంక నాకొగటి చూపీరా, చూసి ఇచ్చేస్తా" అన్నది. తెస్తానన్నాడు. ఈ వారం తెస్తా, వచ్చే వారం తెస్తా అంటూనే నెలలు గడిచాయి.

ఈలోగా ఆమె ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో అన్నం తినే అరగంటలో వచ్చేవి. తొట్టి గోడ మీద తుప్పునీళ్లు కారిన చారలు. ఎండిన చెరువు అడుగున పగుళ్లు. గోడ మీద చింతాకు నీడ. మిషన్ కింద రాలిన రంగురంగుల దారపు ముక్కలు. ఒక్కోదానికి తన గొంతుతో ఒక మాట రికార్డు చేసి జోడించి పంపేది. వాటిలోంచి వాడు ఇంకో మూడు డిజైన్లు చేశాడు. మూడూ నడిచాయి. కొత్త కుర్రాడికి చూసే కళ్లున్నాయని ధర్మవరంలో నలుగురు అనుకోవడం వాడి చెవిన పడింది. అక్క సంగతి మాత్రం వాడు ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పని మాట రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

ఒకరోజు బెంగళూరు నుంచి చీరలు కొనే ఆయన వచ్చి వాడి పక్కనే కూర్చున్నాడు. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి వాడు డిజైన్లు చూపిస్తున్నాడు. ఆ సమయంలోనే స్క్రీన్ మీద అక్క పంపిన ఫొటో వచ్చి పడింది. చెయ్యి తగిలి ఆమె మాట కూడా మోగింది. "మోహనా, ఇది ఆ కొంగుకు సరిపోతాదేమో చూడు రా."

ఆయన నవ్వాడు. "నాగభూషణంగారూ, మీ అసలు డిజైనర్ ఈయమ్మనా ఏమి?"

నాగభూషణం కూడా నవ్వేశాడు. చంద్రమోహన్ ముఖం కందిపోయింది. సాయంత్రం గది మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, పని టైములో పంపొద్దు. అసలు ఇంక పంపొద్దులే. నాకు కావాల్సినవి నేను చూసుకుంటా."



"సరే నాయనా. పనిలో ఉంటావని నాకు తట్టలా" అన్నది. మళ్లీ తనే, "అన్నం తిన్న్యావా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి ఫొటోలు రాలేదు. ఫోన్లు వచ్చేవి. ఒకసారి ఆమే నవ్వుతూ చెప్పింది. "ఈడ పెండ్లికి పోయింటి రా. పెండ్లికూతురు నీ అంచు కట్టుకోనింది. మా తమ్ముడు గీసిందే అని చెప్తే ఒగరూ నమ్మల్యా. పోనీలే, నేను చూసినా కదా. పిల్ల అడుగులు బాగా పడినాయి." నీ అంచు అన్నది. మన అంచు అని కూడా అనలేదు. చంద్రమోహన్ ఏదో చెప్పబోయి, చీర తెస్తానని మళ్లీ అన్నాడు. అప్పుడే ఆమె తలనొప్పి తగ్గడం లేదని, గుడ్డ కట్టుకుని పనికి పోతున్నానని కూడా అన్నది. చూపించుకో అక్కా అన్నాడు వాడు. చూపించుకుంటాలే అన్నది ఆమె.

నెల తిరగకముందే, ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలకు బావ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె కాలరు కుడుతూ కుడుతూ మిషన్ మీదికి ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. బెంగళూరు తీసుకుపోయారు. మూడు రోజులు చంద్రమోహన్ ఆమె మంచం పక్కనే నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పాడు కూడా, చెవి దగ్గర వంగి. విన్నదో లేదో తెలియదు. శనివారం పోయింది. ఆమెకు ముప్పై ఏళ్లు.

ముత్తైదువ పోతే పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. తల్లి లేదు. ముసలి నాయన గడప మీద, ద్వారబంధానికి తల ఆనించుకుని కూర్చుండిపోయాడు. ఆ చీర తేవాల్సింది తమ్ముడే. ఆ అంచు చీర ఒకటి కావాలని వాడు నాగభూషణానికి ఫోన్ చేస్తే, ఆయన తనే కారేసుకుని వచ్చాడు. వచ్చేముందు షెల్ఫ్ దగ్గర నిలబడి ఫోన్లోనే అడిగాడు, "మీ అక్కకు ఏ రంగు ఇష్టమప్పా?"

చంద్రమోహన్‌కు తెలియలేదు. ఎప్పుడూ అడగలేదు. చివరికి నాగభూషణమే తనకు తోచిన ముదురు ఆకుపచ్చ చీర తెచ్చాడు.

పక్కింటి శంకరమ్మ ఆ చీర మడత విప్పింది. అంచు చూసి ఆగింది. "ఇది సుధ చెప్పిన చీర కదూ. ఆ పొద్దు పెండ్లిలో నేనూ నవ్వినా నాయనా. నిజంగా నువ్వే గీసినావా?" అని అడిగింది.

చుట్టూ ఆడవాళ్లు ఉన్నారు. వెనకాల నాగభూషణం నిలబడి ఉన్నాడు. చంద్రమోహన్ తల వంచుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోతున్నాడనుకుని శంకరమ్మ ఇంకేమీ అడగలేదు. అక్కకు ఆ చీర కప్పారు. దానితోనే మట్టి చేశారు.

మూడో రోజు బావ పటం కట్టించడానికి అక్క ఫొటో కావాలన్నాడు. ఎంతమంది చచ్చినవాళ్ల ముఖాలు సరిచేసి ఫ్లెక్సీలకు ఎక్కించాడో చంద్రమోహన్‌కు లెక్క లేదు. అక్క ముఖం మాత్రం దొరకలేదు. పెళ్లి ఆల్బంలో ఉన్నది తల వంచుకున్న ఇరవై ఏళ్ల పిల్ల. బావ ఫోన్లో ఆటోది, దేవుళ్లవి తప్ప ఏమీ లేవు. "దాని ఫోన్లో చూడు మోహనా, ఎప్పుడూ ఏందో తీస్తాండె" అన్నాడు బావ.

అక్క ఫోన్ తెరిచాడు. రెండు వందలకు పైగా ఉన్నాయి. చీమల బారు. పగిలిన కుండపెంకు. కొండ మీద మబ్బునీడ. ఎండలో ఆరేసిన మిరపకాయలు. ఫ్యాక్టరీ బస్సు అద్దం మీద వాన చుక్కలు. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఒకచోట మాత్రం చీమల పక్కన ఆమె బొటనవేలు పడింది, సూది గుచ్చుకుని నల్లబడిన గోరుతో. తేదీలు చూశాడు. చాలావరకు వాడు పంపొద్దన్న తర్వాతివే. చివరిది ఒరిగిపోయిన రోజు పొద్దున ఏడున్నరకు తీసింది. బస్సు కోసం నిలబడ్డచోట, రాళ్ల సందున మొలిచిన గడ్డి.

చంద్రమోహన్ ఫోన్ ఒళ్లో పెట్టుకుని పొద్దు వాలేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బావ వచ్చి పక్కన కూర్చుని, "నీకు కోపమొస్తాదని పంపల్యా అది. ఎప్పుడన్నా అడుగుతాడులే, అప్పుడు చూపిస్తా అంటాండె" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు.

పటానికి చివరకు ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీది ఫొటోనే దిక్కయింది. గోరంత ఫొటో. పెద్దది చేసేకొద్దీ ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది. ఎంత సరిచేసినా ఆ ముఖం అక్కలా లేదు. అయినా దానికే దండ వేశారు.

పదకొండు రోజులైన తర్వాత ధర్మవరం పోయి వాడు నాగభూషణం ఎదుట నిలబడి చెప్పేశాడు. అంచు తనది కాదని, ఆ తర్వాతి మూడూ కాదని, చూపించింది అక్కేనని. పని నుంచి తీసేస్తాడనుకున్నాడు. నాగభూషణం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గీసింది నువ్వే. అందులో అబద్ధం లేదు. కానీ చూసే కండ్లు అందరికీ ఉండవప్పా. ఒగ మాట చెప్పింటే ఆయమ్మను పిలిపించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టుకోని ఉందును. ఆ మిషన్ పని ఎందుకు చేయనిస్తాం?" అన్నాడు. మళ్లీ ఆయనే, "ఇప్పుడు చెప్తే ఎవరికి చెప్పినట్లు?" అన్నాడు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేదని చంద్రమోహన్‌కు అనిపించింది.

వాడు పని మానలేదు. నెమళ్లు, మామిడిపిందెలు, ఎవరేమడిగితే అది చేసిపెడుతున్నాడు. కొత్తది కావాలని నాగభూషణం కూడా అడగడం మానేశాడు. అక్క ఫోన్లోని ఫొటోల్లోంచి ఒక్కటి కూడా ఇంతవరకు చీర మీదికి ఎక్కలేదు. ఒకటి రెండుసార్లు తెరిచాడు. మౌస్ మీద చెయ్యి పెట్టి, మూసేశాడు.

ఆదివారాలు మాత్రం అక్క ముఖం కోసం తిరుగుతున్నాడు. చుట్టాల ఇళ్లకు పోయి పెళ్లి వీడియోలు అడుగుతాడు. అగళిలో చిన్నాయన కూతురి పెళ్లి వీడియోలో ఒకచోట దొరికింది. భోజనాల బంతిలో నీళ్లు పోస్తూ పోతూ, ఎవరో పిలిస్తే తల తిప్పి, మళ్లీ వెళ్లిపోతుంది. అయిదారు సెకన్లు. దాన్ని తన ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. గదిలో కంప్యూటర్ తెరవకుండా, పిల్లలు వాడే డ్రాయింగ్ పుస్తకం ఒకటి కొని, పెన్సిల్‌తో ఆ తల తిప్పిన ముఖం గీస్తున్నాడు. రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం పలచబడిపోతే ఇంకో పేజీ తిప్పుతాడు. ముక్కు, గడ్డం కుదిరాయి. కళ్లు ఇంకా కుదరలేదు.