రాతి మీద నాలుగో గీత

ఉదయం ఏడుంబావుకి జేకేపూర్ క్వార్టర్స్ నుంచి ఆటోలో బయలుదేరి రాయగడ స్టేషన్ చేరాను. ఎనిమిదికి రావలసిన జయపురం బండి ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కొండలూ సొరంగాలూ చూడాలనుకునేవారు కిటికీ సీటు పట్టుకోవాలి. నేను వాటి కోసం వెళ్లలేదు.

జయపురంలో యోహాను మాస్టారు నాకు నాలుగేళ్లు లాటిన్ చెప్పారు. పేపరు మిల్లులో తూకాలు చూసుకునే నాకు డిగ్రీ లేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. నెలకు రెండు శనివారాలు వెళ్లేవాణ్ణి. రెండో పుస్తకం సగమయింది. రోము చరిత్రను ఆయన చక్రవర్తులతో కాక సమాధులతో మొదలుపెట్టారు. "అక్కడి తొలి విశ్వాసులకి పుట్టినరోజు కంటే పోయినరోజే ముఖ్యమయ్యా. ప్రభువు దగ్గర పుట్టింది ఆ రోజే కదా" అనేవారు. తన సమాధి రాయి మీద ఆ తేదీ ఒక్కటే, రోమన్ల పద్ధతిలో ఉండాలని కోరారు. జనవరి ఇరవై తొమ్మిదిన పోయారు. మా చదువు తేదీల పాఠం దాకా రానేలేదు.

రోమన్లు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వెనక్కి లెక్కపెడతారని పుస్తకంలో చూశాను. ఫిబ్రవరి ఒకటిని జనవరి ముప్పై రెండు అనుకుని, అందులోంచి ఇరవై తొమ్మిది తీసేశాను. మూడు. రెండుసార్లు సరిచూసి, రాళ్లు చెక్కే అప్పారావుకి కాగితం పంపాను. ఇవాళ అతను చెక్కుతాడు. దగ్గరుండి చూసుకోవాలి.

టికిరి దాటాక ఎదుటి సీటు పెద్దావిడ ఇడ్లీ పొట్లం విప్పి నాకొకటి పెట్టింది.

"ఎక్కడికమ్మా?"

"కోరాపుట్ బాబూ. మా మరిది గురువారం పోయేడు. ఇయ్యాల మూడోనాడు."

"ఇవాళ శనివారం, రెండ్రోజులే కదమ్మా" అన్నాను, అలవాటుకొద్దీ.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, సదువుకున్నోడిలాగున్నావు! పోయినరోజుని లెక్కలోంచి తీసెత్తారేటి? మడిసి పోయింది ఆ రోజే కదా!"

"ఊరుకోవే అమ్మా" అంది పక్కనున్న కూతురు.

ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. శుక్రవారం సిలువ, ఆదివారం పునరుత్థానం. విశ్వాస ప్రమాణంలో 'మూడవ దినమున' అని వారం వారం గుడిలో నిలబడి చెప్పేవాణ్ణే. సంచిలోంచి పుస్తకం తీసి ఉదాహరణలు చూశాను. మొదటి రోజునీ చివరి రోజునీ కూడా కలిపే లెక్క రోమన్లది. మూడు కాదు, నాలుగు.

అప్పారావుకి ఫోను చేస్తే సొరంగంలో సిగ్నలు పోయింది. లక్ష్మీపూర్‌లో మోగింది కానీ ఎత్తలేదు.

ఒంటిగంట పదికి జయపురంలో దిగి, ఆటోలో అతని షెడ్డుకి పరుగెత్తాను. అప్పారావు టీ తాగుతున్నాడు. రాతి మీద అప్పటికే మూడు నిలువు గీతలు.

"మీ కాయితంలో ఎలాగుంటే అలాగే కొట్టేను సార్. తప్పేటి?"

"తప్పు నాది. నాలుగుండాలి."

నాలుగుకి ఇప్పుడు IV అని వేరే గుర్తు వాడతారు. పాత రోము రాళ్ల మీద మాత్రం ఎక్కువగా నాలుగు నిలువు గీతలే ఉండేవి. మాస్టారు ఫొటోల్లో చూపించారు.

"పక్కన ఇంకో గీత పడుతుందా?"

వేలు పెట్టి కొలిచాడు. "తరవాత మాట ఇంకా మొదలెట్టలేదు. పడతాది. ఒక్క గీతకేనా సార్, ఇంత పరుగు?"

"గీత కాదయ్యా, రోజు" అన్నాను.

ఉలి ఆగేదాకా నిలబడ్డాను.

నాలుగున్నర బస్సులో తిరుగు ప్రయాణం. మాస్టారు పోయి నలభై రోజులయిందని పొద్దున ఇంట్లో చెప్పి బయలుదేరాను. కోరాపుట్ దాటాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఈసారి ఆ రోజును వదల్లేదు. నలభై ఒకటి.