రెండు తాళంచెవులూ నా కొంగుకే

చాలా ఏళ్ల కిందట పోర్ట్ బ్లెయిర్‌లో చేపలు నిల్వచేసే ఐస్ గది నడిపేదాన్ని. దానికి తాళం బిగించడానికి నమ్మకమైన మనిషి కావాలని ఇద్దరికి పరీక్ష పెట్టాను. మూసిన తాళం ఇచ్చి, చెవి లేకుండా తీయమన్నాను. అప్పన్న నిమిషంలో తీశాడు. రెండోవాడు గంటసేపు గోకి, తన వల్ల కాదన్నాడు. నాకు తెలివెక్కువ కదా, తాళం తీయలేనివాడు దొంగతనమూ చేయలేడని వాడికే పని ఇచ్చాను. అంతటితో ఊరుకున్నానా? "అప్పన్న చోర్, వాడిని గడప తొక్కనీయకండి" అని బజారంతా చెప్పాను. ఆరు నెలలు తిరిగేసరికి అతను పనిముట్లు అమ్ముకుని జెట్టీలో మూటలు మోస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను ఐస్ గదిలో ఉండగా గాలికి తలుపు పడి, తాళం దానంతటదే బిగుసుకుంది. ఎవరినీ నమ్మక రెండు తాళంచెవులూ నా కొంగుకే కట్టుకునేదాన్ని. లోపలివైపు చెవి పెట్టే కన్నమే లేదు. నా అరుపులు విని ఎవరో పిలిస్తే వచ్చిన రెండోవాడు బయట మళ్లీ గోకుతున్నాడు. చలికి నా కాళ్లు మొద్దుబారాయి. చివరికి ఎవరో పరుగెత్తి అప్పన్నను తీసుకొచ్చారు. అతను రెండు మేకులు వంచి తలుపు తీశాడు.

"దీదీ, మళ్లీ నిమిషంలోనే తీసేసినాను. ఈసారీ చోర్ అనే చెప్తారా?" అన్నాడు.

బజారులో ఇప్పటికీ అతను చోర్ అప్పన్నే. అతను ఏనాడూ ఏమీ దొంగిలించలేదని చెప్పడానికి నేను నోరు విప్పలేదు. ఆ బజారులో తెలుగు చదవడం వచ్చినవాళ్లు లేరు. ఆ ధైర్యంతోనే ఇది మీకు రాస్తున్నాను.