అక్క పాటించమన్న అంకెలు

మా అక్క ఉదయగిరి హైస్కూల్లో లెక్కల టీచరు. షుగరు కళ్ళకు దిగి చూపు పూర్తిగా పోయాక ఉద్యోగం మానుకుని, ఆత్మకూరులో నా దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో మేమిద్దరమే. నేను ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెబుతూ, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని.

రోజూ పొద్దున తనకు పేపరు చదివి వినిపించేదాన్ని. ఒకసారి సోమశిల డ్యాములో నీటిమట్టం చదువుతుంటే విసుక్కుంది.

"అంకెల్ని అట్టా చెవిలో పోస్తే ఏం తెలస్తాదే? బోర్డు మీద గీత గీస్తే పిల్లకాయలకి ఇట్టే తెలిసేది."

"నీకు గీత ఎట్టా చూపించేదక్కా?"

"వాయించు. అంకె పెరిగితే స్వరం పెంచు, తగ్గితే తగ్గించు."

ఇంట్లో ఉన్న నా హార్మోనియం తీసి, ఆ వారం అంకెలన్నీ వరసగా వాయించాను. తల ఓరగా పెట్టి విన్నది. "నీళ్ళు నిదానంగా ఎక్కినాయి. మధ్యలో ఒకరోజు ఆగినాయి. కనపడతా ఉండాది," అంది. చూపు పోయాక తన ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

ఆ పనికి పేరు కూడా తనే పెట్టింది. పాటించడం. అంటే పాటగా మార్చడం.

"పాటించడమంటే ఆచరించడం కదక్కా," అన్నాను.

"అది బయట. మనింట్లో ఇది."

హార్మోనియానికి లొంగని సంగతులుంటాయి. పెన్షన్ ఉత్తర్వో, కరెంటు ఆఫీసు నోటీసో వస్తే "ఇది కతించవే" అనేది. నేను అందులోకి ఒక గుమాస్తానీ, ఒక మొండి ముసలామెనీ తెచ్చి కథగా చెప్పేదాన్ని. పక్కింటివాళ్ళకి మా మాటలు అర్థమయ్యేవి కావు.

తర్వాత అక్క కిడ్నీలు చెడిపోయాయి. ప్రతినెలా రక్తపరీక్ష చేయించేవాళ్ళం. ఒకనాటి మధ్యాహ్నం ల్యాబు నుంచి కాగితం తెచ్చి, అక్క పక్కన కూర్చున్నాను.

"పాత కాయితాలు కూడా తియ్యి," అంది అక్క. "పాటించు."

"కతిస్తానులే అక్కా."

"వద్దు. కతలో నువ్వుంటావు. పాటలో ఉండవు."

కిడ్నీలు చెడేకొద్దీ పెరిగే క్రియాటినిన్ అంకెల్ని మొదటి నెల నుంచి వాయించాను. ముందు ఒక్కో మెట్టే ఎక్కాయి. తర్వాత మెట్లు దాటుకుంటూ ఎక్కాయి. చివరి స్వరం దగ్గర చెయ్యి తీశాను.

"ఆపినావేందే?"

"కాయితాలు అయిపోయినాయి."

అక్క గొంతు విప్పి, ఆ వరసలో రావలసిన స్వరం తనే పలికింది. దానిపైన ఇంకొకటి. మూడోదానికి గొంతు అందలేదు. "సరే. టీ పెట్టు," అంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించాను.

ఎండలు ముదిరే లోపే అక్క పోయింది. ఉదయగిరిలో నాయన సమాధి పక్కనే పెట్టాం.

తను పనిచేసిన స్కూల్లో సంతాపసభ పెట్టి నన్ను పిలిచారు. హెడ్మాస్టరు లేచి, "అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నారు. ఆ మాట నాకు మా ఇంటి అర్థంలోనే వినిపించింది. పిల్లలు తలలు వంచారు. ఆ నిశ్శబ్దంలో అక్క పలికిన రెండు స్వరాలూ మొదలయ్యాయి. మూడోది కూడా వస్తుందేమోనని భయపడి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అప్పటి నుంచి అవి నన్ను వదల్లేదు. ఒక ఆదివారం చర్చిలో వాయిస్తుండగా, కీర్తనలో స్వరాలు అదే వరసలో పైకెక్కాయి. నా వేళ్ళు ఆగకుండా, కీర్తనలో లేని ఆ రెండింటి మీదికి పోయాయి. పాడేవాళ్ళు ఆగిపోయారు.

సంఘపెద్ద దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఏందమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉండాదయ్యా. ఇంకెవురినన్నా వాయించమనండి," అన్నాను.

ఇప్పుడు వేరే ఆవిడ వాయిస్తోంది. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. పాట మొదలవగానే చేతులు రెండూ కొంగులో చుట్టుకుంటాను.