గట్టు మీద లీటరు డీజిల్

1996 వేసవిలో నన్ను బాన్సువాడకు కాలువల విభాగం డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. నీళ్లు వదిలాక తూముల దగ్గర మట్టం సరిచూడడం నా పని. అందుకో డీజిల్ జీపు, దానికి డ్రైవర్ గంగారాం. ప్రతి ప్రభుత్వ బండికీ మైలేజీ ధ్రువపత్రం ఉంటుంది. మా జీపుకు లీటరుకు పన్నెండు కిలోమీటర్లని ఉంది. ఏడాది తిరిగినా లాగ్‌బుక్కులో మాత్రం తొమ్మిది దాటలేదు.

తేడా డీజిల్ ఎటు పోతోందో నాకు క్షణంలో అర్థమైపోయింది. అప్పట్లో నాకు అన్నీ క్షణంలోనే అర్థమయ్యేవి. దొంగతనం అనుమానంతో గంగారాంకు మెమో ఇచ్చాను. రుజువైతే సస్పెన్షనే.

రుజువుకు పరీక్ష చేయాలి. ట్యాంకు గొట్టం తప్పించి, లీటరు డీజిల్ పోసిన సీసాను బానెట్ పక్కన కట్టి, అది అయిపోయేదాకా బండి నడపాలి. మద్నూర్ తారు రోడ్డు మీద, ఎక్కడా ఆపకుండా నడిపించాను. సరిగ్గా పన్నెండు! గంగారాం మొహం వాడిపోయింది. నాకు లోలోపల సంతోషమే అయింది, ఒప్పుకోవాలి.

“సార్, గదే సీసా కట్టుకొని ఒక్కపారి కాలువ గట్టు మీదికి రాండ్రి. గాడ సూస్తె మీకే తెలుస్తది,” అన్నాడు.

మర్నాడు కోటగిరి వైపు గట్టెక్కాం. ప్రతి తూము దగ్గరా నేను దిగి, కాలువ కాపలా చూసే లస్కరుతో మాట్లాడి, మట్టం రాసుకుని వచ్చేసరికి పావుగంట. అంతసేపూ ఇంజను మోగుతూనే ఉంది. మూడో తూము దగ్గర కోపమొచ్చి ఆపమన్నాను.

“బంద్ చేస్తె మళ్ల లేవది సార్. బ్యాటరీ ఖతమైంది. ఇగ నూకుడే.”

వినలేదు, ఆపించాను. లేవలేదు. ఆ బురదలో లస్కరూ, డిప్యూటీ ఇంజనీరూ కలిసి జీపును నూకారు. నా చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. తొమ్మిదో కిలోమీటరు రాకుండానే సీసా ఖాళీ. రోజూ పొద్దున్నే గంగారాం ఆఫీసు వాలులో బండిని దొర్లించి లేపేవాడట. నేనెక్కేసరికి మోగుతూ ఉండేది.

ముందే ఎందుకు చెప్పలేదని గద్దించాను.

“మూడుపార్లు రాసిచ్చిన సార్,” అన్నాడు తలెత్తకుండా.

ఆఫీసుకు వచ్చి ఫైలు తెప్పించాను. బ్యాటరీ కావాలన్న ఇండెంట్లు మూడూ ఉన్నాయి. మూడింటి మీదా ‘అత్యవసరం కాదు, తిప్పి పంపడమైనది’ అని రాసి, కింద నా సంతకం. సిగ్గేసింది. మెమో ఉపసంహరిస్తూ కారణం దాచకుండా రాశాను. కొత్త బ్యాటరీ పెట్టాక గట్టు మీద లీటరుకు పదిన్నర వచ్చింది. పన్నెండు మాత్రం మద్నూర్ రోడ్డు మీదే.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ డ్రైవర్‌కైనా మెమో రాసే ముందు, నేను తిప్పి పంపిన కాగితాలు తెప్పించుకుని చూసేవాణ్ణి. అలా చూడబట్టి రెండు సందర్భాల్లో మెమో రాయాల్సిన పనే పడలేదు.