ఏకాదశి కాని బుధవారం

మా కాలేజీలో ఏ రోజు చూసినా ఎవరో ఒకరు ఉపవాసం ఉండేవారు. సిస్టర్లు నడిపే క్యాథలిక్ కాలేజీ అది. గేటు లోపల మరియమ్మ విగ్రహం, ప్రతి గదిలో శిలువ, బెల్లు కొట్టగానే ప్రార్థన. ఆ ప్రార్థనకు చేతులు జోడించేవాళ్ళలో క్రైస్తవులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మిగతాదంతా సూరత్ ఊరే. గుజరాతీలు, జైనులు, ముస్లింలు, మరాఠీలు, ఒడియా కార్మికుల పిల్లలు, డిండోలి పేట నుంచి వెళ్ళే నాలాంటి తెలుగు నేతవాళ్ళ పిల్లలు. ఎవరి దేవుడు ఎవరిని ఎప్పుడు పస్తు పెడతాడో గుర్తుపెట్టుకోవడమే అక్కడి మర్యాద. "ఉపవాసం" అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు.

నన్ను చేర్చేటప్పుడు నాయన భయపడ్డాడు. "మతంల కలుపుకుంటరేమో బిడ్డా, జర పైలం" అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా? "నీ బిడ్డ పొద్దుగాల లేవనే లేవది. గామెను కలుపుకొని వాళ్ళేం జేస్తరు?" అంది.

మేం నలుగురం ఒకే బెంచీ మీద కూర్చుని తినేవాళ్ళం. ఒకమ్మాయి జైను, ఉల్లి, వెల్లుల్లి, నేలలో పెరిగే దుంప ఏదీ ముట్టదు. ఒకమ్మాయి డాంగ్ కొండల నుంచి వచ్చిన ఆదివాసీ, మాలో ఒక్కతే క్యాథలిక్, హాస్టల్లో ఉండేది. ఇంకొకమ్మాయి నది అవతలి రాందేర్ పేట ముస్లింల పిల్ల. మాకో పద్ధతి ఉండేది. ముందు జైను పిల్ల డబ్బా తెరవాలి, అందరం అందులోంచి తీసుకోవాలి. ఆ తర్వాతే మిగతా మూడు మూతలు లేవాలి. ఆమె డబ్బాకు మా ఉల్లివాసన అంటకూడదని ఎవరూ చెప్పకుండానే కుదిరిన ఏర్పాటు అది.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. మా వాడలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టిన దగ్గర్నుంచి వింటున్న టకటక ఆగేసరికి నాకు నిద్ర పట్టేది కాదు. క్లాసులు ఫోన్లోకి వచ్చాయి. ఒక్క గది ఇల్లు కాబట్టి నా వెనక పొయ్యి దగ్గర అమ్మ ఎప్పుడూ కనిపించేది. క్లాసు అయ్యాక మేం నలుగురం లైన్లోనే ఉండి కబుర్లు చెప్పుకుంటుంటే తనూ తల దూర్చేది. ఒకరోజు సర్వపిండి చేసి గిన్నెతో సహా ఫోన్ ముందు పెట్టింది. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ కలిపి, గిన్నె లోపల అదిమి, వేలితో చిల్లులు పొడిచి సన్న మంట మీద కాల్చే రొట్టె అది. జైను పిల్ల నోరూరి ఎలా చేయాలని అడిగింది. అమ్మకు వచ్చిన హిందీ అంగట్లో బేరానికి సరిపోయేది మాత్రమే. అయినా పిండి తడపడం దగ్గర్నుంచి అంతా చేతులతో చేసి చూపించింది.

ఆ తర్వాత మా ఇంట్లో సర్వపిండిలో ఉల్లిగడ్డ మాయమైంది. నాయన గొణిగేవాడు. "కాలేజి తెరుస్తే గా పిల్లకు సుత పెట్టాలె గదా, చెయ్యి అలవాటు గావాలె. గామె తినంది మనకేం అక్కెర?" అనేది అమ్మ.

కాలేజీ తెరిచేదాకా అమ్మ ఉండలేదు. కరోనా సోకి, రెండో వేవ్‌లో ఆసుపత్రికి తీసుకుపోయాం, నాలుగు రోజుల్లో అయిపోయింది. మా వాళ్ళలో చావు జరిగిన ఇంట పొయ్యి వెలగదు. చుట్టుపక్కలవాళ్ళే వండుకొచ్చి, పక్కన కూర్చుని, వద్దన్నా ముద్ద నోట్లో పెడతారు. అమ్మ అలా ఎంతమందికి పెట్టిందో. అమ్మ పోయినప్పుడు మాత్రం మా గడప ఎవరూ తొక్కలేదు. భయం. వాళ్ళను నేనేమీ అనను, కానీ ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఎవరూ తెచ్చి పెట్టలేదు కాబట్టో ఏమో, మా పొయ్యి మళ్ళీ సరిగా వెలగలేదు. టీ వరకే. నాయన కార్ఖానా పక్క మెస్సులో తినేవాడు. నేను బన్నో బిస్కెట్లో తిని పడుకునేదాన్ని. బియ్యప్పిండి డబ్బా మూత తీయడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు. "జర ఏమన్న వండుకో బిడ్డా, గిట్లయితే ఎట్ల?" అని నాయన అనేవాడు. అనేసి తనే తల తిప్పుకునేవాడు.

కాలేజీ తెరిచాక బెంచీకి ఒక్కరే కూర్చోవాలన్నారు. డబ్బాలు పంచుకోకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ శానిటైజర్ సీసా పట్టుకుని భోజనాల గదిలో తిరుగుతూ ఉండేది. నా దగ్గర డబ్బాయే లేదు. అడిగితే ఏం చెప్పాలి? అప్పుడు దేవుళ్ళు ఆదుకున్నారు. సోమవారం శివుడన్నాను. మంగళవారం మా నేతవాళ్ళ దేవుడు మార్కండేయుడన్నాను. ఆయన గురించి అక్కడ ఎవరికీ తెలియదు. గురువారం బాబా. శుక్రవారం మరియమ్మ అనేసరికి డాంగ్ పిల్ల మురిసిపోయి నా పేరున చాపెల్‌లో కొవ్వొత్తి కూడా వెలిగించింది. శనివారం వెంకన్న. మిగిలింది బుధవారం. ఒక బుధవారం ఏకాదశి అన్నాను.

జైను పిల్ల రెండు బెంచీల అవతల నుంచి నావైపు చూసింది. అష్టమి, చతుర్దశి పాటించే ఇంటి పిల్ల, తిథులు నాలుక చివర ఉంటాయి. "ఏకాదశి ఆదివారమే అయిపోయింది. ఇవాళ చతుర్దశి. నియమం నాది, నీది కాదు" అంది హిందీలో.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్కు ఉంది కదా కనిపించదనుకున్నాను, కానీ మాస్కు కళ్ళను దాచదు. ముగ్గురూ చూశారు. "ఇంట్లో వంట చేయడం లేదా?" అని రాందేర్ పిల్ల మెల్లగా అడిగింది. లేదని తల ఊపాను. ఎవరూ నీతులు చెప్పలేదు.

మర్నాడు భోజనం బెల్లు కాగానే ముగ్గురూ లేచి నా బెంచీ చుట్టూ నిలబడ్డారు. జైనుల్లో పెద్ద ఉపవాసం చేసినవాళ్ళు అది విడిచే రోజున అయినవాళ్ళంతా వరసగా వచ్చి తలా ఇంత నోట్లో పెడతారు. దాన్ని పారణా అంటారు. "నీ ఉపవాసం చాలా పెద్దదైంది. ఇవాళ పారణా" అంది జైను పిల్ల.

అప్పుడే సిస్టర్ వచ్చింది. "ఏమిటిది? దూరం, దూరం!" అని గదమాయించింది.

"పారణా, సిస్టర్. తను ఉపవాసం ఉంది" అంది జైను పిల్ల.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి."

సిస్టర్ సీసా వంచి ముగ్గురి అరచేతుల్లోనూ శానిటైజర్ పోసింది. "ఒక్కొక్కరుగా రండి. తినిపించేవాళ్ళు మాస్కు తీయొద్దు" అని చెప్పి, గుమ్మం దగ్గరికి పోయి మాకు వీపు పెట్టి నిలబడింది.

రాందేర్ పిల్ల ఖర్జూరం పెట్టింది. డాంగ్ పిల్ల హాస్టల్ వంటగదిలో అడిగి చేయించుకొచ్చిన రాగిరొట్టె తుంచి పెట్టింది. జైను పిల్ల డబ్బా తెరిచింది. సర్వపిండి! అడుగు మాడింది, చెక్కలా గట్టిగా ఉంది. చిల్లులు పొడవడం మరిచిపోయిందేమో, నూనె లోపలికి దిగక మధ్యలో పిండి పచ్చిగానే ఉంది. అయినా నువ్వుల వాసన మా ఇంటిదే. ఏడుస్తూనే తిన్నాను. అంత బాగోలేని సర్వపిండి నా జన్మలో తినలేదు, ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బియ్యప్పిండి డబ్బా మూత తీశాను. గిన్నెలో పిండి అదిమి, వేలితో చిల్లులు పొడిచి, సన్న మంట మీద పెట్టాను. నాయన కార్ఖానా నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు, వాసన పట్టి. చెయ్యి కడుక్కుని కూర్చుని ముక్క తుంచుకున్నాడు.

"ఉల్లిగడ్డ ఎయ్యలేదేందే?"

"రేపు డబ్బాల పట్కపోవాలె నాయినా. గా పిల్ల తినంది మనకేం అక్కెర?"

ఎప్పుడూ గొణిగే నాయన ఆ రోజు గొణగలేదు. కళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క పెట్టమని పళ్ళెం ముందుకు జరిపాడు.