రాసినాయన మొకం

అల్లూరు పక్క మా బడిలో ఏడో తరగతికి తెలుగు చెప్పిన సారు పాత పేపర్లలో వార్తలు కత్తిరించి సంచీలో వేసుకొచ్చేవారు. ఒక ముక్క చదివి వినిపించి, ఎప్పుడూ ఒకటే అడిగేవారు: "రాసినాయన మొకం ఎట్టుంది?"

మాటల్లో చెప్పకూడదు. ఆ మొహం మేమే పెట్టి చూపించాలి. తుఫాను వార్తకి కళ్ళు పెద్దవి చేసేవాళ్ళం. రొయ్యల ధర పడిపోయిందన్న వ్యాసానికి పళ్ళు కొరికేవాళ్ళం.

ఒకరోజు నాలుగు వాక్యాల వార్త చదివారు. రొయ్యల గుంట దగ్గర మోటారు వేయబోయి, కరెంటు కొట్టి ఒక కూలీ చనిపోయాడు. పేరు, వయసు, ఊరు. అంతే.

నేను నోరంతా తెరిచి ఆవలించాను. క్లాసంతా నవ్వింది.

"రాసినాయనకి నిద్రొస్తా ఉందంటావా పాపా?"

"అవును సార్. ఆయనకేం బాధ లేదు. ఊరికే రాసి పడేసినాడు."

సారు ఆ కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచారు.

"ఈ ఉద్యోగం రాకముందు పేపరుకి వార్తలు రాస్తా ఉండేవాణ్ణి. ఇది నేను రాసిందే. పోయినోడు మా తమ్ముడు. నాలుగు వాక్యాలకే చోటుందన్నారు. వాడి పేరు తప్పు పడకూడదని మూడుసార్లు తిరగరాసినా."

ఆవలించిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు, రోజూ అడిగినట్టే. "రాసినాయన మొకం ఎట్టుంది?"

ఆ మొహం మా ఎదురుగానే ఉంది. ఒక్కరం కూడా తలెత్తలేకపోయాం.